ర్యాంకు వచ్చినా కాగితాల దగ్గర సీటు పోగొట్టుకుంటున్న పిల్లల తరఫున

వైద్య విద్య ప్రవేశాలు నిర్వహిస్తున్న కేంద్ర, రాష్ట్ర అధికారులకు, తెలంగాణ ప్రభుత్వ వైద్య ఆరోగ్య, రెవెన్యూ, విద్యా శాఖల కార్యదర్శులకు ఒక అధ్యాపకురాలి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

పాలమూరు ప్రాంతంలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో నేను జంతుశాస్త్రం బోధిస్తున్నాను. మా బైపీసీ విద్యార్థుల్లో ఎక్కువ మంది కూలీ కుటుంబాల పిల్లలు, వలస కుటుంబాల పిల్లలు. వారిలో వైద్య విద్య ప్రవేశ పరీక్ష అయిన నీట్ రాసేవారి సంఖ్య ఏటా పెరుగుతోంది, సీటు వచ్చే స్థాయి ర్యాంకు తెచ్చుకునేవారు కూడా ఉంటున్నారు. అయితే పరీక్షలో గెలిచిన పిల్లలు ఆ తర్వాత దరఖాస్తుల్లోనో, ధ్రువపత్రాల్లోనో, కౌన్సెలింగ్‌లోనో దెబ్బతిని చేతికి వచ్చిన సీటును వదులుకోవలసి రావడం మేం కళ్లారా చూస్తున్నాం. ఈ విషయం మీద అధ్యాపకులం, తల్లిదండ్రులం కలిసి వినతిపత్రాలు ఇచ్చాం. వినతిపత్రాలు అందినట్టు ముద్ర వేసిన ప్రతులు మా దగ్గర ఉన్నాయి గానీ జవాబు మాత్రం ఇంతవరకు రాలేదు. అందుకే ఈ మాటలను ఇప్పుడు బహిరంగంగా మీ ముందు పెడుతున్నాను.

పోటీ ఎంత తీవ్రంగా ఉందో మీకు తెలియనిది కాదు. 2025 మే 4న జరిగిన నీట్‌ను 22 లక్షల మందికి పైగా రాస్తే 12 లక్షల మందికి పైగా అర్హత సాధించారు. ఆ ఏడాది దేశం మొత్తం మీద ఉన్న ఎంబీబీఎస్ సీట్లు లక్షా ముప్పై వేల లోపే. అందులోనూ పేదవాడు కట్టగలిగే ఫీజు ఉన్నది ప్రభుత్వ కళాశాలల్లో మాత్రమే. కేంద్ర ప్రభుత్వ వైద్య సంస్థ అయిన ఢిల్లీ ఎయిమ్స్‌లో జనరల్ కేటగిరీ సీట్లు మొదటి వంద ర్యాంకుల లోపే నిండిపోతాయి. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు మన పక్కనే ఉన్నా వాటి ఎంబీబీఎస్ సీట్లు పూర్తిగా జాతీయ స్థాయిలోనే భర్తీ అవుతాయి కాబట్టి మన పిల్లలు దేశమంతటితో పోటీ పడాలి. ఈ పోటీ గురించి మాకు ఫిర్యాదు లేదు. 2019 వరకు ఎయిమ్స్‌కు, పుదుచ్చేరిలోని కేంద్ర వైద్య సంస్థ జిప్మర్‌కు విడివిడిగా ఉన్న ప్రవేశ పరీక్షలను తీసేసి 2020 నుంచి ఒక్క నీట్‌తోనే అన్ని తలుపులూ తెరవడం మా పిల్లలకు మేలే చేసింది. ఒక్క పరీక్ష, ఒక్క ఫీజు, ఒక్క ప్రయాణంతో ఢిల్లీ దాకా అవకాశం అందుతోంది.

కానీ పరీక్ష ఒకటే అయినా దరఖాస్తు ఒకటి కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో జాతీయ పరీక్షల సంస్థకు ఒక దరఖాస్తు పెట్టాలి. ఫలితాల తర్వాత రాష్ట్రాల ప్రభుత్వ కళాశాలల్లో దేశమంతటివారికీ కేటాయించే అఖిల భారత కోటా 15 శాతం సీట్లకు, ఎయిమ్స్‌లకు, జిప్మర్‌కు మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ దగ్గర మరో రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. మిగిలిన సీట్లకు వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం దగ్గర ఇంకొకటి చేసుకోవాలి. దేని ఫీజు దానిదే, దేని గడువు దానిదే, ధ్రువపత్రాల నమూనా కూడా దేనిది దానిదే. కార్పొరేట్ కళాశాలల్లో ఈ పని చూసుకోవడానికే మనుషులు ఉంటారు. విద్యార్థి కేవలం చదువుకుంటాడు, కాగితాలు వాళ్లు చూసుకుంటారు. గౌలిదొడ్డి లాంటి గురుకుల కళాశాలల్లో కూడా ఉపాధ్యాయులు దగ్గరుండి చూసుకుంటారు కాబట్టే అక్కడి పిల్లలు ఏటా మంచి సీట్లలో చేరగలుగుతున్నారు. రాష్ట్రంలో నాలుగు వందలకు పైగా ఉన్న మామూలు ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో మాత్రం ఈ బాధ్యత ఎవరిదీ కాదు. పదిహేడేళ్ల పిల్ల, చదువు రాని తండ్రి, ఊరి మీసేవ కేంద్రంలోని ఆపరేటర్ కలిసి ఆ పని చేస్తున్నారు. దాని ఫలితాలు ఎలా ఉంటున్నాయో ఇక్కడ రాస్తున్నాను. పిల్లల పేర్లు, కార్యాలయాల పేర్లు రాయడం లేదు. ఏ ఒక్కరినో దోషిగా నిలబెట్టాలన్నది నా ఉద్దేశం కాదు.

1. ధ్రువపత్రాల వల్ల పోతున్న సీట్లు. బీసీ-డి వర్గానికి చెందిన మా విద్యార్థిని ఒకామెకు ఓబీసీ కోటాలో ఒక ఎయిమ్స్‌లో సీటు కేటాయించారు. తల్లిదండ్రులిద్దరూ పత్తి చేలల్లో కూలికి వెళ్లేవారు. ఆమె దగ్గర మన రాష్ట్రం ఇచ్చే బీసీ కుల ధ్రువపత్రం ఉంది, ఆదాయ ధ్రువపత్రం ఉంది. కేంద్ర సంస్థలో చేరడానికి ఆ రెండూ చెల్లవు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, క్రీమీలేయర్‌లో, అంటే ఓబీసీల్లోని సంపన్న శ్రేణిలో, లేరని స్పష్టంగా రాసి ఇచ్చే ఓబీసీ ధ్రువపత్రం కావాలి. ఆ సంగతి ఆమెకు తెలిసింది సీటు కేటాయించిన మర్నాడు, చేరడానికి వారం కూడా లేని సమయంలో. మీసేవలో దరఖాస్తు పెట్టారు. విచారణ పూర్తి కావాలన్నారు, సంతకం చేయవలసిన అధికారి సమావేశంలో ఉన్నారన్నారు, ఆ తర్వాత రెండో శనివారం, ఆదివారం వచ్చాయి. కూలికి పోవలసిన తండ్రి కూలి మానుకుని కార్యాలయం వరండాలో కూర్చున్నాడు. పత్రం చేతికి వచ్చేసరికి గడువు దాటిపోయింది. ఆ తర్వాత రాష్ట్ర కోటాలో ఒక కొత్త జిల్లా కళాశాలలో సీటు దొరికింది కాబట్టి ఆమె డాక్టర్ అవుతుంది, సంతోషమే. అయినా ఆమె తన ర్యాంకుతో సంపాదించుకున్న సీటు అది కాదు.

ఇది ఆమె ఒక్కతే పడిన కష్టం కాదు. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. నీట్ దరఖాస్తులో ఓబీసీ అని నింపి, కౌన్సెలింగ్‌కు వచ్చాక తమ కులం కేంద్ర జాబితాలో లేదని తెలుసుకున్న పిల్లలు మా దగ్గర ఉన్నారు. క్రీమీలేయర్ పరిమితి 8 లక్షల రూపాయలు అయినా, ఆ లెక్కలో తల్లిదండ్రుల జీతాన్ని, వ్యవసాయ ఆదాయాన్ని కలపకూడదని కేంద్ర నిబంధన చెబుతోంది. ఈ తేడా తెలియక మామూలు ఆదాయ ధ్రువపత్రం తెమ్మని వెనక్కి పంపే సందర్భాలు ఎదురవుతున్నాయి. పైగా నీట్ దరఖాస్తు గడువు మార్చిలో ముగిస్తే కౌన్సెలింగ్ జూలైలోనో ఆగస్టులోనో మొదలవుతుంది. మధ్యలో ఏప్రిల్ 1న ఆర్థిక సంవత్సరం మారిపోతుంది. ఏ ఇతర రిజర్వేషన్ లేని పేద కుటుంబాలకు ఇచ్చే ఈడబ్ల్యూఎస్ కోటా పిల్లలు ఫిబ్రవరిలో కష్టపడి తెచ్చుకున్న పత్రం కౌన్సెలింగ్ నాటికి పాతబడిపోయి, మళ్లీ మొదటి నుంచి తిరగవలసి వస్తోంది. రాష్ట్రంలో 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థను రద్దు చేశాక ఊళ్లో విచారణ చేసేవారే కరువై, ఆ భారమంతా రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ల మీద పడింది. 2025లో గ్రామ పాలన అధికారులను నియమించారు. వారి రాకతో ఈ జాప్యం తగ్గాలని మేం కోరుకుంటున్నాం. అయితే నీట్ పిల్లల దరఖాస్తులను ముందు చూడాలని వారికి ఎవరైనా చెబితేనే అది జరుగుతుంది.

2. పేర్లు, వేలిముద్రలు, ఫోన్ నంబర్లు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఒకచోట తండ్రి పేరు వెంకటయ్య, మరోచోట వెంకయ్య. ఊళ్లో ఇవి ఎవరికీ పెద్ద తేడాగా కనిపించవు. దరఖాస్తు మాత్రం అక్కడే ఆగిపోతుంది. నీట్ దరఖాస్తుకు రెండు చేతుల వేళ్ల ముద్రలు అప్‌లోడ్ చేయాలి. సెలవుల్లో పత్తి ఏరి, మిర్చి కోసి వచ్చిన పిల్లల వేళ్లు అరిగిపోయి, చీలిపోయి ఉంటాయి. స్టాంపు ప్యాడు మీద అద్ది కాగితం మీద ఒత్తితే పడేది నల్లటి మరక. నాలుగైదు సార్లు ఒత్తించి, వాటిలో గీతలు కనిపించే ముద్రను వెతికి స్కాన్ చేయవలసి వస్తుంది. ఫొటోకు తెల్లటి వెనుకతెర ఉండాలి, రెండు చెవులూ కనిపించాలి. వీటన్నిటికీ కారణాలు ఉన్నాయని మాకు తెలుసు. 2024 నీట్ చుట్టూ జరిగిన గొడవల తర్వాత తనిఖీలు కట్టుదిట్టంగా ఉండాలని మేం కూడా కోరుకుంటున్నాం. మా బాధల్లా తప్పు దిద్దుకోవడానికి ఇచ్చే వ్యవధి రెండు మూడు రోజులే కావడం, ఆ సమాచారం ఊళ్లకు చేరేసరికి గడువు ముగిసిపోవడం గురించే.

ఇంతకంటే పెద్ద ఇబ్బంది ఫోన్ నంబరుతో వస్తోంది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేని పిల్లలకు, ఉన్నా రీచార్జి లేక ఆగిపోయిన పిల్లలకు ఇంటర్నెట్ సెంటర్ యజమాని తన నంబరుతో, తన ఈమెయిల్‌తో దరఖాస్తు నింపుతాడు. ఆయనది దురుద్దేశం కాదు, పని తొందరగా కావాలన్న ఆలోచన. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఓటీపీలు, హెచ్చరికలు, గడువుల సమాచారం అన్నీ ఆయన ఫోన్‌కే వెళ్తాయి. ఆయన ఊరెళ్తే ఆమె లాగిన్ కాలేదు. కౌన్సెలింగ్ డబ్బులు కూడా ఆయన ఖాతా నుంచే కడతారు. అఖిల భారత కోటాకు తిరిగి ఇచ్చే డిపాజిట్ జనరల్ అభ్యర్థులకు 10,000 రూపాయలు, రిజర్వేషన్ అభ్యర్థులకు 5,000 రూపాయలు. ఆ డబ్బు ఏ ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతాకే తిరిగి వస్తుంది. నెలలు గడిచాక ఆయన ఖాతాలో పడిన ఆ 5,000 రూపాయల కోసం ఒక తల్లి ఆ సెంటర్ చుట్టూ తిరగవలసి వచ్చింది. ఆ డిపాజిట్ కట్టడానికి ఆమె మహిళా సంఘంలో అప్పు తీసుకుంది. డబ్బు తిరిగి వచ్చేదాకా వడ్డీ ఆమే కట్టింది.

3. స్థానికత. దీని గురించి కాస్త వివరంగా రాయక తప్పదు. 2024 జూలైలో వచ్చిన జీవో 33 ప్రకారం అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలో చదివి, ఆ పరీక్ష కూడా రాష్ట్రంలోనే రాసినవారే రాష్ట్ర కోటా సీట్లకు స్థానికులు. ఇంటర్ పూర్తయ్యాక నీట్ రాసే పిల్లలకు అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లూ ఇక్కడే చదవాలి. ఆ నిబంధన మీద 2024 సెప్టెంబర్‌లో హైకోర్టు ఇచ్చిన తీర్పును పక్కనపెట్టి 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు రాష్ట్ర నిబంధననే సమర్థించింది. తీర్పును మేం గౌరవిస్తున్నాం. రాష్ట్ర సీట్లు రాష్ట్ర పిల్లలకే దక్కాలన్న ఉద్దేశంతోనూ మాకు పేచీ లేదు. ఉద్యోగరీత్యా బయటి రాష్ట్రాల్లో పనిచేసిన తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు, అఖిల భారత సర్వీసు అధికారుల పిల్లలకు, సైనికుల పిల్లలకు మినహాయింపు ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం అంగీకరించింది. అది న్యాయమే. బదిలీ మీద వెళ్లిన తండ్రి తప్పుకు బిడ్డను శిక్షించకూడదు. మరి బతుకుదెరువు కోసం ముంబయికో, పుణేకో, భివండికో, షోలాపూర్‌కో వెళ్లిన కూలీ, నేత కార్మికుడు, మేస్త్రీ బిడ్డ సంగతేమిటి? పాలమూరు నుంచి వలస వెళ్లడం అంటే ఎవరో ఇష్టపడి ఊరు మారడం కాదన్న సంగతి మీకు చెప్పనవసరం లేదు. నీళ్లు లేక వెళ్లారు, పని లేక వెళ్లారు. వెళ్లేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లారు కాబట్టి ఆ పిల్లలు అక్కడి బడిలో తొమ్మిదో తరగతి చదివారు. తిరిగి వచ్చి పదో తరగతి, ఇంటర్ మన ప్రభుత్వ కళాశాలల్లోనే చదివినా ఆ ఒక్క ఏడాది వల్ల వారు తమ సొంత జిల్లాలో స్థానికేతరులు అవుతున్నారు.

నారాయణపేట జిల్లా కృష్ణా మండలం వైపు వెళ్లి చూడండి. అక్కడివారికి ఆస్పత్రికైనా, బజారుకైనా, చదువుకైనా దగ్గరి పట్టణం నది అవతల కర్ణాటకలో ఉన్న రాయచూరు. అక్కడ హైస్కూలు చదివి వచ్చిన పిల్ల తెలంగాణలో స్థానికురాలు కాదు. కర్ణాటకలో మామూలుగా అడిగేది ఏడేళ్ల చదువు కాబట్టి అక్కడా ఆమెకు అర్హత రాదు. తల్లిదండ్రుల ఓటు ఇక్కడ ఉంది, రేషన్ కార్డు ఇక్కడ ఉంది, రెండెకరాల చెలక ఇక్కడ ఉంది. వైద్య విద్య సీటు విషయంలో మాత్రం ఆమె ఏ రాష్ట్రానికీ చెందదు. ఆమెకు మిగిలేది అఖిల భారత కోటా ఒక్కటే. రాష్ట్ర కోటాలో సులువుగా సీటు వచ్చే ర్యాంకు కూడా అక్కడ చాలకపోవచ్చు.

4. వెబ్ ఆప్షన్ల అయోమయం. కౌన్సెలింగ్‌లో ఏ కళాశాలను ముందు పెట్టాలి, ఎన్ని కళాశాలలు రాయాలి, ఏ విడతలో చేరితే ఏ దారి మూసుకుపోతుంది అన్నది చదువుకున్నవారికే సులువుగా అర్థం కాదు. జాతీయ కౌన్సెలింగ్ మొదటి విడతలో సీటు వచ్చి చేరకపోయినా నష్టం లేదు. రెండో విడతలో చేరకపోతే డిపాజిట్ పోతుంది. మిగిలిపోయిన సీట్లు నింపే చివరి స్ట్రే విడతలో సీటు వచ్చి చేరకపోతే డిపాజిట్‌తో పాటు మరుసటి ఏడాది నీట్ రాసే అర్హత కూడా పోతుంది. ఒక దశ దాటాక జాతీయ కోటాలో చేరినవారికి రాష్ట్ర కౌన్సెలింగ్ తలుపు మూసుకుపోతుంది. వీటిలో ప్రతి నిబంధనకూ ఒక కారణం ఉంది, సీట్లు మిగిలిపోకూడదన్న మంచి ఉద్దేశమూ ఉంది. మా పిల్లల చేతికి మాత్రం ఇదంతా ఇంగ్లీషులో ఉన్న పెద్ద పుస్తకంగానే అందుతోంది.

మా విద్యార్థి ఒకడు రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఉస్మానియా, గాంధీ, మహబూబ్‌నగర్ కళాశాలల పేర్లు మాత్రమే రాశాడు. ఎక్కువ పేర్లు రాస్తే చెడ్డ కళాశాల ఇస్తారని ఎవరో చెప్పారట. రాసిన వరుసలోనే, పై నుంచి కిందికి, ర్యాంకును బట్టి సీటు ఇస్తారనీ, కింద ఎన్ని పేర్లు రాసినా పైవాటికి నష్టం ఉండదనీ అతనికి చెప్పినవారు లేరు. మొదటి విడతలో అతనికి ఏ సీటూ రాలేదు. అతని కంటే వెనుక ర్యాంకు వచ్చిన పిల్లలు కొత్త జిల్లా ప్రభుత్వ కళాశాలల్లో చేరారు. తర్వాతి విడతలో అతనికి దొరికింది ప్రైవేటు కళాశాలలో కన్వీనర్ సీటు, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే సీటు. ప్రభుత్వ కళాశాలలో ఏడాదికి 10,000 రూపాయలు కట్టవలసిన చోట ఇక్కడ 60,000 కట్టాలి, హాస్టలు, మెస్ ఖర్చులు అదనం. ఆ కుటుంబం ఒక ఎకరం అమ్మింది. పది నిమిషాలు కూర్చోబెట్టి వివరించే మనిషి ఉంటే ఆ ఎకరం వారికి మిగిలేది.

5. ఆడపిల్లల మీద పడే భారం. కాగితం వల్ల ఒక సీటు పోతే మగపిల్లవాడిని ఎలాగో అప్పు చేసి లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపుతారు. ఆడపిల్ల విషయంలో మా ఊళ్లలో చాలా ఇళ్లలో మరో ఏడాది ఉండదు. సంబంధం చూస్తారు. ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది. ఆ ఇళ్లకు వెళ్లి బతిమాలిన అధ్యాపకురాలిగా రాస్తున్నాను. ర్యాంకు రానప్పుడు తండ్రికి నచ్చజెప్పడం ఎంతో కొంత వీలవుతుంది. ర్యాంకు వచ్చి, సీటు వచ్చి, ధ్రువపత్రం లేదని పోయినప్పుడు, ఈ చదువులు మనలాంటివాళ్లకు కావని ఆయన తేల్చేసుకుంటాడు. ఆయన నమ్మకం పోవడంతో ఆ ఇంట్లో తర్వాతి ఆడపిల్లకు బైపీసీ కూడా దక్కదు.

6. పరీక్ష భాష. నీట్‌ను 13 భాషల్లో నిర్వహిస్తున్నారు, వాటిలో తెలుగు ఉంది. అయినా తెలుగులో రాయడానికి మా పిల్లలు భయపడుతున్నారు. అనువాదంలో సందిగ్ధం ఉంటే ఇంగ్లీషు ప్రశ్నే అంతిమం అన్న నిబంధన ఒక కారణం. ప్రశ్నలు ఎక్కువగా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల వాక్యాల ఆధారంగా వస్తుంటే, తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు ఆ పుస్తకాలు తమ భాషలో లేకపోవడం రెండో కారణం. ఒక్క ప్రశ్న తప్పితే వేల ర్యాంకులు వెనక్కి పోయే పరీక్షలో ఈ తేడా చిన్నది కాదు.

ఇప్పుడు మేం కోరుతున్నవి. వీటిలో చాలావాటికి కొత్త చట్టమూ అక్కర్లేదు, పెద్ద ఖర్చూ అక్కర్లేదు.

రెవెన్యూ శాఖ ప్రతి ఏటా నవంబర్, డిసెంబర్ నెలల్లో ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఒక శిబిరం పెట్టి, బైపీసీ రెండో ఏడాది పిల్లలందరికీ కుల, ఆదాయ పత్రాలతో పాటు కేంద్ర నమూనాలో ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ పత్రాలు అక్కడే ఇవ్వాలి. ఎవరి కులం కేంద్ర జాబితాలో ఉంది, ఎవరిది లేదు అన్నది ఆ శిబిరంలోనే చెప్పాలి. ఒకసారి విచారణ జరిగిన కుటుంబానికి ఏప్రిల్ తర్వాత మళ్లీ విచారణ లేకుండా కొత్త ఆర్థిక సంవత్సరం పత్రాన్ని వారం రోజుల్లో ఇవ్వాలి. సీటు కేటాయింపు లేఖ చూపించినవారికి 24 గంటల్లో పత్రం ఇవ్వాలని, ఇవ్వకపోతే కారణాన్ని రాతపూర్వకంగా చెప్పాలని ఉత్తర్వులు రావాలి.

ఇంటర్మీడియట్ విద్యా మండలి మొదటి ఏడాది ప్రవేశాల సమయంలోనే మెమో, ఆధార్ పేర్లు సరిచూసే బాధ్యతను కళాశాలలకు అప్పగించి, తేడాలు దిద్దించడానికి ఏడాది సమయం దొరికేలా చేయాలి. ప్రతి కళాశాలలో ఒక అధ్యాపకుడికి నీట్ ప్రవేశాల బాధ్యత అప్పగించి, శిక్షణ ఇచ్చి, దరఖాస్తుల సమయంలో బోధనేతర పనుల నుంచి మినహాయించాలి. కళాశాల కంప్యూటర్, కళాశాల ఇంటర్నెట్, విద్యార్థి సొంత సిమ్ కార్డుతోనే దరఖాస్తు నింపాలి. సిమ్ కొనలేని పిల్లలకు కళాశాల నిధుల నుంచి కొనివ్వాలి. ఈ పని మేం చేయడానికి సిద్ధంగా ఉన్నాం, ఇప్పటికే చాలామందిమి సొంత ఖర్చుతో చేస్తున్నాం.

మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ, ఆరోగ్య విశ్వవిద్యాలయం తమ సమాచార పుస్తకాలను, ముఖ్యంగా విడతల వారీ నిబంధనలను తెలుగులో ప్రచురించాలి. అసలు ఆప్షన్లకు ముందు పిల్లలు ప్రయోగాత్మకంగా నింపి చూసుకోవడానికి ఒక అవకాశం ఇవ్వాలి. రాష్ట్రంలో ఇప్పుడు ప్రతి జిల్లాలో ఒక ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. కౌన్సెలింగ్ జరిగినన్ని రోజులు ఆ కళాశాలలోనే సహాయ కేంద్రం నడిపితే హైదరాబాద్‌కో, వరంగల్‌కో పరుగెత్తవలసిన పని ఉండదు. అక్కడ చదువుతున్న సీనియర్ విద్యార్థులే చాలా ప్రశ్నలకు జవాబు చెప్పగలరు. డిపాజిట్ తిరిగి చెల్లింపు విద్యార్థి పేరున ఉన్న ఖాతాకే జమ కావాలి. ప్రభుత్వ కళాశాలల్లో చదివిన పిల్లల రిజిస్ట్రేషన్ ఫీజును, డిపాజిట్‌ను రాష్ట్ర ప్రభుత్వం ముందుగా చెల్లించి, డిపాజిట్‌ను తిరిగి తానే తీసుకోవచ్చు. ప్రభుత్వానికి అది పెద్ద మొత్తం కాదు, ఆ ఇళ్లకు మాత్రం పెద్దదే.

స్థానికత నిబంధనకు ఇప్పటికే ఒప్పుకున్న మినహాయింపుల జాబితాలో వలస కార్మికుల పిల్లలను, సరిహద్దు మండలాల పిల్లలను చేర్చాలి. దుర్వినియోగం జరుగుతుందన్న అనుమానం ఉంటే రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, తల్లిదండ్రుల ఓటరు జాబితా వివరాలు చూడండి. ఊరు విడిచి వెళ్లకముందు చదివిన ప్రాథమిక పాఠశాల రికార్డు చూడండి. అధికారి బిడ్డ విషయంలో బదిలీ ఉత్తర్వు ఎంత నమ్మదగిన పత్రమో, కూలీ బిడ్డ విషయంలో ఇవీ అంతే నమ్మదగినవి.

చివరి కోరిక పెద్దది, దానికి చట్టం కావాలి. తమిళనాడు ప్రభుత్వం జస్టిస్ కలైయరసన్ కమిటీ సిఫారసు మీద 2020లో, ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు వైద్య సీట్లలో 7.5 శాతం ప్రత్యేక కోటా ఇచ్చింది. నీట్ అర్హత యథాతథంగా ఉంది, ఉన్న రిజర్వేషన్లూ యథాతథంగా ఉన్నాయి. ప్రతి వర్గంలోనూ ప్రభుత్వ పాఠశాల పిల్లలకు కొంత భాగం కేటాయించారు, అంతే. 2022లో మద్రాస్ హైకోర్టు దాన్ని సమర్థించింది. తెలంగాణ ప్రభుత్వ వైద్య కళాశాలల్లో నాలుగు వేలకు పైగా ఎంబీబీఎస్ సీట్లు ఉన్నాయి. అఖిల భారత కోటా తీసేసినా 7.5 శాతం అంటే ఏటా రెండు వందలకు పైగా సీట్లు. ఆ పిల్లల్లో చాలామంది తమ ఊరి భాష మాట్లాడుతూ, తమ ఊరి రోగాలు తెలిసి, జిల్లా ఆస్పత్రిలో పనిచేయడానికి వెనుకాడని డాక్టర్లు అవుతారని వారికి పాఠం చెప్పిన మనిషిగా నేను నమ్ముతున్నాను. ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ కళాశాలల మిత్రులు కూడా ఇదే కోరుతున్నారు కాబట్టి రెండు రాష్ట్రాల శాసనసభ్యులకూ ఈ మాట చేరాలని ఆశిస్తున్నాను.

తదుపరి నీట్ నోటిఫికేషన్ రాకముందే పై కోరికల మీద మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. ఏది ఇప్పుడే చేయగలరో, దేనికి సమయం కావాలో, ఏది వీలుకాదో, ఎందుకు వీలుకాదో విడివిడిగా చెబితే దాని ప్రకారం మా పిల్లలను సిద్ధం చేసుకుంటాం. ధ్రువపత్రాల శిబిరాన్ని మాత్రం వచ్చే నవంబర్‌లోనే మొదలుపెట్టండి. శిబిరానికి గదులు, కుర్చీలు, కంప్యూటర్లు మా కళాశాల నుంచి ఇస్తాం, పిల్లల జాబితాను అక్టోబర్ నెలాఖరుకే మీ కార్యాలయానికి పంపుతాం.

ఇట్లు
పాలమూరు ప్రాంతంలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాల జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
బైపీసీ విద్యార్థుల తల్లిదండ్రుల తరఫున